చరణం దొరకని పల్లవి

ఏ పాట తలకెక్కించుకోవాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ భిలాయ్ సెక్టర్ 2 వాసులకు పెద్దగా లేదు. ఆ పని లౌడ్‌స్పీకర్లు చూసుకుంటాయి. దసరా రోజుల్లో దుర్గా పూజ పందిళ్ల డోళ్లు. దీపావళి వెళ్లిన ఆరో రోజుకు చెరువు గట్టున ఛఠ్ పాటలు. ఈ సెక్టర్‌లోనే అయ్యప్ప గుడి ఉంది కనుక కార్తీకం నుంచి సంక్రాంతి దాకా శరణుఘోష. ఇవేవీ లేని రోజుల్లో చెత్తబండి పాట ఉండనే ఉంది. ఉక్కు కర్మాగారంలో పని కోసం దేశం నలుమూలల నుంచి వచ్చినవారితో నిండిన టౌన్‌షిప్ ఇది. అందుకే దీన్ని మినీ ఇండియా అంటారు. వచ్చినవారు ట్రంకు పెట్టెలతో పాటు తమ తమ బాణీలనూ తెచ్చుకున్నారు. క్వార్టర్ల మధ్య గోడలు మనుషులను వేరుచేయగలిగాయి గానీ బాణీలను ఆపలేకపోయాయి.

ఫలితం విచిత్రంగా ఉంటుంది. శ్రీకాకుళం మూలాలున్న కుర్రాడు స్నానం చేస్తూ భోజ్‌పురి ఛఠ్ బాణీని కూనిరాగం తీస్తాడు. పక్క క్వార్టర్లో బీహారీ అమ్మాయి తెలుగు సినిమా పాటను సగం మాటలు మింగేసి పాడుతుంది. ఇంతవరకూ వినోదమే. కానీ ఇక్కడి తెలుగు ఇళ్లలో మూడో రకం కూనిరాగం ఒకటుంది. అది తెలుగు బాణీయే. పాడేదీ తెలుగు పిల్లే. మాటలే ఉండవు. నాన్నమ్మ ఎప్పుడో పాడిన జోలపాటో, పెళ్లి పాటో, పాత సినిమా పాటో ఆ పిల్ల తలలో తిరుగుతూనే ఉంటుంది. పల్లవి దాకా 'నన నన' అంటూ వెళ్లి, మళ్లీ మొదటికే వస్తుంది. చరణంలోకి దారి తెలియదు.

తలలో ఇరుక్కుపోయిన పాటను జర్మన్లు 'ఓర్‌వుర్మ్' అన్నారు. చెవిపురుగు అని అర్థం. ఇంగ్లీషువాళ్లు దాన్నే అనువదించుకుని 'ఇయర్‌వర్మ్' చేసుకున్నారు. మనకు ఇంతకంటే మంచి మాటే ఉంది. చెవిలో జోరీగ అంటాం. వేమన నాటికే అది నలిగిన మాట. తేడా ఒక్కటే. జోరీగ బయటి నుంచి వస్తుంది, చేత్తో తోలేయవచ్చు. ఈ పాట లోపలే పుట్టి లోపలే తిరుగుతుంది. వద్దనుకున్న కొద్దీ గొంతు పెంచుతుంది.

ఇదేదో సినిమా, రేడియో కాలపు జబ్బు అనుకుంటే పొరపాటు. రేడియో పుట్టక ముందే, 1876లో, మార్క్ ట్వేన్ అమెరికాలో దీని మీదే ఒక హాస్య కథ రాశాడు. ట్రామ్ కండక్టర్ టికెట్ల మీద ఒక గేయం పత్రికలో చదివిన రచయితకు అది తలకెక్కి తిండీ నిద్రా దూరమవుతాయి. చివరకు దాన్ని ఒక మతాచార్యుడికి అంటించాకే ఆయనకు విముక్తి. ఆ తర్వాత ఆ మతాచార్యుడి అవస్థ మొదలవుతుంది. అంటువ్యాధిలాగే ఇదీ ఒకరి నుంచి ఒకరికి పాకుతుందని ట్వేన్ కనిపెట్టాడు. శాస్త్రవేత్తలు దాన్ని కొలవడానికి మరో 125 ఏళ్లు పట్టింది.

వారు కొలిచిన మేరకు చూస్తే ఇది దాదాపు అందరి సమస్య. ఫిన్లాండ్‌లో లాసీ లీకనెన్ 12 వేల మందికి పైగా ఇంటర్నెట్ వాడకందారులను ప్రశ్నించారు. వారానికి ఒక్కసారైనా ఏదో ఒక పాట తలలో ఇరుక్కుంటుందని పది మందిలో దాదాపు తొమ్మిది మంది చెప్పారు. మరి ఆ పాట ఎక్కడ మోగుతోంది? 2005లో డార్ట్‌మత్ కాలేజీ పరిశోధకులు కొందరికి పాటలు వినిపిస్తూ మధ్య మధ్య శబ్దం ఆపేశారు. అప్పుడు వారి మెదడును స్కాన్ చేస్తే, తెలిసిన పాటైతే శబ్దం ఆగిన చోట కూడా వినికిడికి సంబంధించిన భాగం పనిచేస్తూనే ఉంది. చెవి ఆగినా మెదడు ఆగలేదు. ఖాళీని తనే పూరించుకుంది.

ఆ పూరించడంలోనూ కచ్చితత్వం ఆశ్చర్యపరుస్తుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంతాక్రజ్ ప్రాంగణంలో 2024లో వెలువడిన అధ్యయనంలో 30 మందిని, తలలో తిరుగుతున్న పాటను ఉన్నపళంగా పాడి ఫోన్లో రికార్డు చేయమన్నారు. వారు సంగీత విద్వాంసులు కారు. అయినా 44.7 శాతం రికార్డింగుల్లో శ్రుతి అసలు పాటతో సరిగ్గా సరిపోయింది. 68.9 శాతం అరమెట్టుకు మించి తప్పలేదు. అంటే నాన్నమ్మ పాటను 'నన నన' అని పాడే పిల్ల గొంతులో నాన్నమ్మ శ్రుతే పలుకుతూ ఉండవచ్చు. మాటలను మరిచిపోయిన మెదడు స్వరస్థానాన్ని అంత భద్రంగా దాచుకోగలదు.

అన్ని పాటలూ ఇలా ఇరుక్కోవు. కెల్లీ జకుబౌస్కీ బృందం 2016లో ప్రకటించిన అధ్యయనంలో 3 వేల మందిని అడిగి, ఎక్కువగా ఇరుక్కునే 100 పాటలను ఇరుక్కోని 100 పాటలతో పోల్చింది. ఇరుక్కునే పాటల నడక కాస్త వేగంగా ఉంటుంది. బాణీ ఎక్కే దిగే తీరు ఎక్కడో విన్నట్టు ఉంటుంది. అయినా మధ్యలో ఎక్కడో ఒక అనుకోని గెంతు ఉంటుంది. పరిచయమూ ఉండాలి, చిన్న ఆశ్చర్యమూ ఉండాలి. మన వాగ్గేయకారులకూ, జానపదులకూ ఈ లెక్క తెలియనిది కాదు. ప్రతి చరణం తర్వాతా తిరిగొచ్చేది కాబట్టే పల్లవి తలకెక్కుతుంది. బుర్రకథలో వంత, భజనలో బృందం అందుకునే ముక్క చేసే పని అదే. భిలాయ్ పక్కనే ఉన్న గనియారీలో పుట్టి, ఉక్కు కర్మాగారంలోనే ఉద్యోగం చేసిన తీజన్ బాయి పాండవానిలోనూ రాగీ అనే వంతగాడు మాట మాటకూ ఊకొడుతూ, పాదాన్ని అందుకుంటూ ఉంటాడు. మహాభారతమంతా చదవని పల్లెవాసికి పాండవుల కథ గుర్తుండిపోయింది ఆ తిరిగొచ్చే ముక్క వల్లే.

జానపదులు కథను నిలపడానికి వాడిన ఈ కిటుకును తర్వాత సంస్థలూ ప్రభుత్వాలూ అందిపుచ్చుకున్నాయి. ఆకాశవాణి ఉదయం ప్రసారాలకు ముందు వినిపించే బాణీని 1934లో బొంబాయి చేరిన యూదు సంగీతకారుడు వాల్టర్ కాఫ్‌మన్ కూర్చారని ప్రసిద్ధి. దానికి మాటలే లేవు. అయినా రెండు మూడు తరాల భారతీయులకు అది తెల్లవారడానికి మరో పేరు. టైటాన్ గడియారాల ప్రకటన మొజార్ట్ 1773లో రాసిన 25వ సింఫనీని ఇంటింటికీ తెచ్చింది. 2002లో ఏఆర్ రెహమాన్ ఎయిర్‌టెల్‌కు ఇచ్చిన బాణీ కొన్నేళ్లపాటు ప్రతి జేబులో మోగింది. 2014లో స్వచ్ఛ భారత్ మొదలయ్యాక చెత్తబండ్ల వంతు వచ్చింది. మధ్యప్రదేశ్‌లోని మండ్లాకు చెందిన శ్యామ్ బైరాగీ, బండి వచ్చింది చెత్త తెచ్చి వేయండి అంటూ పాడిన పాట ఆ రాష్ట్రాన్ని దాటి దేశంలోని ఎన్నో నగరాలకు పాకింది. దాన్ని కావాలని విన్నవారు ఎందరో తెలియదు గానీ, అది రానివారు హిందీ నగరాల్లో తక్కువే.

ఇందులో తప్పేమీ లేదు. చెత్త బయటికి రావాలంటే బండికి ఒక పాట ఉండాల్సిందే. కానీ గమనించాల్సిన విషయం ఒకటుంది. తలలో ఏది మిగులుతుందో నిర్ణయించేది మన ఇష్టం కాదు, ఎన్నిసార్లు వినిపించిందన్న లెక్క. రోజూ వినిపించేది మిగులుతుంది. వినిపించనిది జారిపోతుంది. భాషకూ ఇదే లెక్క వర్తిస్తుంది. సెక్టర్ 2లో తెలుగు పరిస్థితిని అర్థం చేసుకోవడానికి ఇంతకు మించిన సూత్రం అక్కర్లేదు.

సోవియట్ యూనియన్‌తో భిలాయ్ ఉక్కు ఒప్పందం 1955లో కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఉత్తరాంధ్ర నుంచి ఇక్కడికి దారి అప్పటికే ఉంది. విజయనగరంలో రైలెక్కితే బొబ్బిలి, పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయ్‌పూర్. అక్కడి నుంచి భిలాయ్ ఎంతో దూరం కాదు. పొలం లేనివారు, ఉన్నా చాలనివారు, ఐటీఐ చదివినవారు ఆ దారినే వచ్చారు. వెనక భార్యలు వచ్చారు. వారితో ఊడుపు పాటలు, దంపుళ్ల పాటలు, తప్పెటగుళ్ల దరువులు వచ్చాయి. ఊడ్చడానికి మడి లేదు, దంచడానికి రోలు లేదు. పాటకు పని పోయింది. కానీ చంటిపిల్లలున్నారు కాబట్టి జోలపాటకు మాత్రం పని మిగిలింది.

ఆ తొలి తరానికి మరో ఆసరా రేడియో. షార్ట్‌వేవ్‌లో సిలోన్ స్టేషన్ పట్టుకుంటే మీనాక్షి పొన్నుదొరై గొంతు, ఆ వెనకే తెలుగు సినిమా పాట. గరగరల మధ్య సగం మాటలే అందేవి. మిగతా సగం వినేవారు సొంతంగా పూరించుకునేవారు. ఆ పూరించే శక్తి ఉండటమే భాష రావడమంటే. డార్ట్‌మత్ ప్రయోగంలో మెదడు చేసిన పని అదే. తెలిసిన పాటలోనే ఖాళీ పూరుతుంది. తెలియని పాటలో ఖాళీ ఖాళీగానే మిగులుతుంది.

రెండో తరం హిందీలో చదువుకుని, ఇంట్లో తెలుగులో తిట్లు తిని పెరిగింది. మాట్లాడుతుంది, చాలామంది చదవలేరు. మూడో తరానికి బడి ఇంగ్లీషు, వీధి హిందీ, ఫోన్ రెండూ. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది. 2024 సెప్టెంబర్ నుంచి దుర్గ్, విశాఖల మధ్య వందే భారత్ నడుస్తోంది. ఊరు పగటి ప్రయాణమంత దగ్గరైంది. భాష మాత్రం ఒక్కో తరానికీ ఒక్కో స్టేషన్ దూరం జరుగుతోంది.

ఇక్కడి తెలుగు ఇంట్లో వినిపించే సంభాషణ ఒకటి ఇలా ఉంటుంది. "దాదీ, దీని తర్వాత ఏంటి?" అని మనవరాలు. "నాన్నమ్మా అనే, దాదీ ఏటి? ఆ తరవాత ఏటుందో నానే మరిసిపోనాను గుంటా. పాడితే వస్తాది, అడిగితే రాదు" అని పెద్దావిడ. ఆమె చెప్పింది అక్షర సత్యం. పాట ఒక తాడు లాంటిది. మొదటి నుంచి లాగితేనే చివర చేతికొస్తుంది. మధ్యలో పట్టుకుంటే రాదు. ఆమె పాడటం మొదలుపెడితే చరణం దానంతట అదే వస్తుంది. ఆమె లేకపోతే తాడు పల్లవి దగ్గరే తెగిపోతుంది.

బాణీ బతికితే చాలదా అనేవారుండవచ్చు. చాలదు. బాణీకి జ్ఞాపకశక్తి ఎక్కువే గానీ అది తన యజమానిని గుర్తుపెట్టుకోదు. ఛత్తీస్‌గఢ్‌కే ఈ అనుభవముంది. 2009లో రెహమాన్ సంగీతంతో వచ్చిన 'ఢిల్లీ-6'లో 'ససురాల్ గేందా ఫూల్' దేశాన్ని ఊపేసింది. దేశంలో చాలామందికి అది సినిమా పాట. ఇక్కడివారికి 1970లలో జోషి సోదరీమణులు పాడగా విన్న తమ జానపదం. బాణీ దేశమంతా తిరిగింది, అది ఏ మట్టిదో ఛత్తీస్‌గఢీలు పనిగట్టుకుని చెప్పుకోవాల్సి వచ్చింది. మాట, దాని యాస తోడు లేకపోతే బాణీ ఎవరి ఇంట్లోనైనా పెరిగి వారి బిడ్డే అయిపోతుంది.

ఇందుకు తిరగబడ్డ ఉదాహరణ మన తిరుమలలోనే ఉంది. అన్నమయ్య (1408–1503) కీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి భాండాగారంలో దాచారు. 32 వేలని ప్రతీతి ఉన్నవాటిలో మిగిలినవి 12 వేల పైచిలుకు. రేకు మీద రాగం పేరుంది, సాహిత్యముంది, స్వరం లేదు. అన్నమయ్య ఎలా పాడాడో మనకు తెలియదు. అయినా 20వ శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, 2025 మార్చిలో కన్నుమూసిన గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటివారు కొత్త బాణీలు కట్టి వాటిని మళ్లీ ఇళ్లలోకి తెచ్చారు. మాట మిగిలి బాణీ పోతే, బాణీ కట్టవచ్చని అన్నమయ్య కథ చెబుతుంది. బాణీ మిగిలి మాట పోతే ఏం చేయాలి? నాన్నమ్మ జోలపాటకు రాగిరేకు లేదు. ఉన్న ఒకే ప్రతి ఆమె.

ఆ ప్రతికి కాలపరిమితి ఉంది. 1960లలో పాతికేళ్ల వయసులో వచ్చినవారు ఇప్పుడు ఎనభైలు దాటారు. చాలామంది లేరు. ఉన్నవారిలో కొందరికి మతిమరుపు మొదలై ఉంటుంది. ఇక్కడ శాస్త్రం ఒక చిన్న ఊరట ఇస్తోంది. చిరకాలంగా తెలిసిన పాటలను గుర్తుపట్టేటప్పుడు మెదడులో ఏ భాగాలు పనిచేస్తాయో జర్మనీలోని లైప్‌జిగ్ మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు గుర్తించారు. అల్జీమర్స్ రోగుల్లో మిగతా భాగాలతో పోలిస్తే ఆ భాగాలు తక్కువ దెబ్బతింటున్నాయని 2015లో ప్రకటించారు. మనవరాలి పేరు తడబడే పెద్దావిడ జోలపాటను తడబడకుండా పాడటంలో వింతేమీ లేదన్నమాట. అడిగితే రాకపోయినా పాడితే రావచ్చు.

ఇరుక్కున్న పాటను వదిలించుకునే మార్గాల మీదా పరిశోధన జరిగింది. చూయింగ్ గమ్ నమిలితే పాట బెడద తగ్గిందని బ్రిటన్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయం 2015లో చెప్పింది. లోపల పాడుకునేటప్పుడు కూడా నోరు, దవడ ఆడించే వ్యవస్థ పనిచేస్తుంది కనుక దానికి వేరే పని పెడితే పాట సన్నగిల్లుతుందట. వక్కపొడి నమిలే తాతలకు ఈ రహస్యం ముందే తెలుసేమో. మరో మార్గం పాటను చివరిదాకా వినడం లేదా పాడటం. ఫిన్లాండ్, బ్రిటన్‌లలో సర్వే చేస్తే చాలామంది ఈ పద్ధతినే పాటిస్తామన్నారు. దీనికి చెప్పే కారణం పాతది. అర్ధంతరంగా ఆగిన పని పూర్తయిన పని కంటే ఎక్కువగా గుర్తుంటుందని 1927లో బ్లూమా జైగార్నిక్ ప్రతిపాదించారు. తర్వాతి ప్రయోగాలన్నీ ఆమెను బలపరచలేదు గానీ, సగం తెలిసిన పాటే ఎక్కువగా వేధిస్తుందన్నది ఎవరికి వారు పరీక్షించుకోగలిగిన అనుభవం.

సెక్టర్ 2 పిల్లలకు ఈ రెండో మందే పనికొస్తుంది. వారిలో చాలామందికి తెలుగు అంటే సెలవుల్లో ఊరెళ్లినప్పుడు బంధువుల వెక్కిరింత. 'హిందీ పిల్ల' అన్న బిరుదు. దానికి తోడు వేసవి సెలవుల్లో అక్షరమాల శిక్ష. అ ఆల దగ్గర మొదలుపెట్టిన చదువు గుణింతాల దగ్గర ఆగిపోవడం మామూలే. అలా కాకుండా తలలో ఇప్పటికే తిరుగుతున్న దాని దగ్గర మొదలుపెట్టవచ్చు. ఆ 'నన నన'ల చోట ఏ మాటలున్నాయో కనుక్కోమనడం. పెద్దావిడ చేత పాడించి ఫోన్లో రికార్డు చేయించడం. విన్నది దేవనాగరిలోనైనా సరే రాయించడం. తెలియని మాట వస్తే అర్థం అడగనివ్వడం. ఒక్క జోలపాటలో పిల్ల ఎరగని మాటలు పదో పదిహేనో ఉంటాయి. ఊయలకు కట్టే చీర, చూరుకు వేలాడే ఉట్టి, దంచిన బియ్యం, ఊరి చెరువు. ఒక్కో మాట వెనకా క్వార్టర్‌లో లేని ఒక వస్తువు, ఆ వస్తువు వెనక తాత వదిలి వచ్చిన ఊరు ఉంటాయి.

పాటలతో భాష వస్తుందా అన్న అనుమానం న్యాయమైనదే. కొరియా పాటలు పాడే పిల్లలకు కొరియన్ రాదు. 2023 మార్చిలో 'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చినప్పుడు ప్రపంచమంతా గొంతు కలిపింది. చంద్రబోస్ రాసిన మాటల్లో ఎన్ని అర్థమై ఉంటాయి? పాట భాషను నేర్పదు. భాషకు ఒక ఖాళీ చోటు అట్టే పెడుతుంది, అంతే. అందులో మాట పెట్టడానికి ఒక మనిషి కావాలి. కొరియా పాట విషయంలో ఆ మనిషి ఇంట్లో లేరు. సెక్టర్ 2లో కొన్ని ఇళ్లలోనైనా ఇంకా ఉన్నారు, పక్క గదిలో.

ఛఠ్ పాటలు వినండి. వాటిలో చాలావాటికి బాణీ దాదాపు ఒకటే. 2024 నవంబర్ 5న, సరిగ్గా ఛఠ్ మొదలైన రోజున శారదా సిన్హా కన్నుమూశారు. ఆమె గొంతు మాత్రం ఏటా చెరువు గట్టున మోగుతోంది. బీహారీ పిల్లలకు ఆ పాటలు మాటలతో సహా వస్తాయి. వారి జ్ఞాపకశక్తి గొప్పదని కాదు. ఏడాదికోసారైనా ఇంటిల్లిపాదీ నీళ్లలో నిలబడి ఆ పాట మొదటి నుంచి చివరిదాకా పాడతారు. తెలుగు ఇంట్లోనూ ఏడాదిలో అలాంటి రోజు ఒకటి పెట్టుకోవచ్చు. సంక్రాంతి కావచ్చు, పుట్టినరోజు కావచ్చు. లౌడ్‌స్పీకర్ అవసరం లేదు. పెద్దావిడ కుర్చీ పక్కన ఒక ఫోన్ పెట్టి, మొదటి నుంచి పాడమంటే చాలు. మధ్యలో అడ్డు తగలకూడదు.